చీకటి గదికి నాలుగు ట్యూబులైట్లు

ప్రభుత్వానికి చీకటి మీద ఎందుకు కోపమొచ్చిందో పూర్తిగా తెలిసినవాళ్ళు లేరు. ఎవరో పెద్ద అధికారి ఎక్కడో తనిఖీకి వెళ్ళి, రికార్డు గదిలో మెట్టు కనపడక బోర్లా పడ్డాడనీ, ముందు పళ్ళు రెండు ఊడాయనీ మా ఆఫీసులో చెప్పుకున్నారు. అదే నిజమైతే ఆ మెట్టు సరిచేయిస్తే సరిపోయేది. కానీ మెట్టు ఒక్క ఆఫీసుకి సంబంధించిన విషయం, చీకటి రాష్ట్రమంతటా ఉంది. అందుకని జీవో చీకటి మీద వచ్చింది.

"రాష్ట్రమందలి సమస్త ప్రభుత్వ కార్యాలయములలో, ఏ గదియందైనను, ఏ వేళనైనను, ఐదు వందల లక్సులకు తక్కువగా కాంతి ఉండరాదు. ఉన్నయెడల సదరు చీకటికి సంబంధిత ఉద్యోగి వ్యక్తిగతముగా బాధ్యుడగును."

మా సూపరింటెండెంటు మంగపతి గారు దీన్ని రెండుసార్లు చదివారు. తర్వాత గోడకి తగిలించి ఉన్న భవనం ప్లాను దగ్గరికి వెళ్ళి, ఒక్కో గదినీ వేలితో తడుముతూ వచ్చి ఒకచోట ఆగిపోయారు. అక్కడ ఎప్పటి ఇంజనీరో గుండ్రటి అక్షరాలతో "చీకటి గది" అని రాసి పెట్టాడు.

"భాస్కర్రావ్! కొంప ముంచావు కదయ్యా," అన్నారాయన. "మన ఆఫీసులో చీకటికి ఏకంగా గదే ఉంది."

ఆ గది నాది. నా పేరు చోడిశెట్టి భాస్కర్రావు. జిల్లా పాత ఫొటోల భాండాగారంలో డార్క్‌రూమ్ ఆపరేటర్ని. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో సగానికి సగం చీకట్లోనే గడిచింది. భాస్కరుడంటే సూర్యుడు. నేనిలాంటి ఉద్యోగం చేస్తానని ముందే తెలిస్తే మా నాన్న వేరే పేరు పెట్టి ఉండేవాడు.

నా పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. రీలు రాకముందు ఫొటోలు గాజు పలకల మీద తీసేవారు. గాజుకి ఒకవైపు మందు పూసి ఉంటుంది. కెమెరాలో దానికి ఒక్క క్షణం వెలుగు తగులుతుంది, అంతే. ఆ తర్వాత కడిగేదాకా దాన్ని చీకట్లోనే ఉంచాలి. కడగని ప్లేటుకి మళ్ళీ వెలుగు తగిలిందా, అందులో ఉన్న మనిషి పోయినట్టే, ఎన్ని మందులు పోసినా తిరిగి రాడు. చీకట్లో ప్లేటుకి ఏ వైపు మందు పూశారో కంటికి తెలియదు కాబట్టి మూలని కింది పెదవికి ఆనిస్తాం. అంటుకుంటే అదే మందు వైపు. గడియారం చూడ్డానికి ఉండదు కాబట్టి పంతొమ్మిదో ఎక్కం చదువుకుంటాం. తొందరపడకుండా ఇరవై దాకా చదివితే ఒక నిమిషం. ఇది నాకు మా గురువు గారు నేర్పింది, ఆయనకి ఆయన గురువు గారు నేర్పింది.

జీవో వచ్చేసరికి నా గదిలో ఒక డబ్బా ఉంది. ఊళ్ళో పాత వసంతా ఫొటో స్టూడియో కూల్చేటప్పుడు అటక మీద దొరికింది. లోపల నల్ల కాగితంలో చుట్టిన పన్నెండు ప్లేట్లు. ఫొటోలు తీశారు గానీ కడగలేదు. మూతకి అంటించిన చీటీలో ఏడో నంబరు ఎదురుగా "పడవ మేస్త్రీ సింహాద్రి, కూతురితో, రేవు దగ్గర" అని ఉంది. తేదీ చూస్తే అరవై తొమ్మిదేళ్ళ కిందటిది. ఆ తేదీకి నాలుగో రోజున ఊరి మీద గాలివాన విరుచుకుపడింది. ఫొటోగ్రాఫరు నడుంలోతు నీళ్ళలో నిలబడి డబ్బాని అటక మీదికి ఎక్కించి, తన ప్రాణాలు తను దక్కించుకుని ఊరు వదిలేశాడు. సింహాద్రి మాత్రం తను చేసిన కొత్త పడవ కొట్టుకుపోతుందని రేవుకి పరిగెత్తాడు. పడవా దొరకలేదు, ఆయనా దొరకలేదు.

చీటీలో ఉన్న ఆ కూతురు నూకరత్నమ్మ గారు. అప్పుడు రెండేళ్ళు, ఇప్పుడు డెబ్బై ఒకటి. డబ్బా సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ప్రతి సోమవారం బస్సెక్కి మా ఆఫీసుకి వస్తారు. మెట్ల మీద గొడుగు ఆరబెట్టి, నా గది గుమ్మం దగ్గర నిలబడతారు.

"బాబూ, మా నాన్నని కడిగేరాండీ?"

"మందులు ఇంకా రాలేదమ్మా."

"ఆయన మొగం నేనెరగనండి. ఇంట్లో బొమ్మయినా లేదండి. మాయమ్మేమో అచ్చం నీలాగే ఉండేవోడే అనేదండి. అద్దంలో సూసుకుంటే నాకు నేనే అవుపడతాను గానీ మా నాన్న అవుపడ్డేటండీ?"

మందుల కోసం నేను పెట్టిన ఇండెంటు పదకొండు నెలలు తిరిగింది. అందులో బొమ్మని తేల్చే మందు పేరు డెవలపర్ అని ఉండటంతో ఫైలు మొదట పట్టణాభివృద్ధి శాఖకి వెళ్ళి, అక్కడ ఎన్ని అంతస్తులు కట్టదలిచారని ఒక ప్రశ్న వేయించుకుని వచ్చింది. చివరికి మందులు మంగళవారం చేరాయి. సోమవారం నూకరత్నమ్మ గారు వచ్చేసరికి ప్లేటు కడిగి చేతిలో పెడదామనుకున్నాను. జీవో బుధవారం చేరింది.

మంగపతి గారు చెడ్డవారు కారు. ఏడాదిన్నరలో రిటైరవబోతున్న ప్రతి మనిషిలాగే జాగ్రత్త మనిషి, అంతే. మొదట పేరు మారిస్తే చాలనుకుని నా తలుపు మీద "వెలుగు గది" అని బోర్డు రాయించారు. ఆ తర్వాత పేరుకి తగ్గట్టు లోపల వెలుగు లేకపోతే ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారని భయమేసి నాలుగు ట్యూబులైట్లు బిగించమన్నారు.

"సార్, అక్కడ లైటేస్తే ఫొటో చచ్చిపోతుంది," అన్నాను.

"వెయ్యకపోతే నేను చస్తానయ్యా. ఫొటోకి పెన్షన్ లేదు, నాకుంది."

"పోనీ, ప్లేటు కడిగే పావుగంటా ఆపుకుంటాను సార్."

ఆయన నాలుగువైపులా చూసి, నేను అనలేదు నువ్వు వినలేదు అన్నట్టు తలూపారు. కానీ మర్నాడే వివరణ సర్క్యులర్ వచ్చింది. "స్విచ్చి అనగా వెలుగును నిలుపుదల చేయుటకు వీలు కల్పించు సాధనము. కావున చీకటి ఉత్పత్తికి మూలకారణమైన స్విచ్చులను తక్షణమే తొలగించవలెను." ఎలక్ట్రీషియన్ వచ్చి భవనంలో స్విచ్చులన్నీ పీకి, వైర్లు నేరుగా కలిపేసి, స్విచ్చులని గోనెసంచిలో వేసి సీలు చేసుకుని తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి మా ఆఫీసులో పగలూ రాత్రీ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కాపలా డ్యూటీ వాళ్ళు ముఖం మీద తువ్వాలు వేసుకుని పడుకుంటున్నారని తెలిసి మంగపతి గారు తువ్వాళ్ళు తీయించేశారు. కళ్ళు మూసుకోవడం చీకటి కిందికి వస్తుందా రాదా అని పై ఆఫీసుకి రాసి అడిగారు. విషయం పరిశీలనలో ఉందని, అంతవరకు సిబ్బంది సాధ్యమైనంత తక్కువగా కళ్ళు మూసుకోవాలని జవాబొచ్చింది.

డబ్బా ఇంటికి తీసుకుపోయి మా స్నానాల గదిలో కడుగుదామని నాకూ తోచింది. గేటు పాసు కోసం అడిగితే, బయటికి వెళ్ళే వస్తువుని విప్పి, కళ్ళారా చూసి, ఆనవాళ్ళు రాసుకున్నాకే పాసు ఇస్తామన్నారు. విప్పి చూశాక ఇంటికి తీసుకుపోయేందుకు అందులో ఏముంటుంది? డబ్బాని నా కుర్చీ కింద పెట్టుకుని, దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను.

సోమవారం నూకరత్నమ్మ గారు గుమ్మంలోంచి ట్యూబులైట్లు చూసి సంబరపడ్డారు.

"గది బాగా తెల్లగా సేయించేరండి. ఇంక తొరగా కడిగేత్తారన్నమాట."

విషయమంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు నాలుగు లైట్లనీ మార్చి మార్చి చూశారు.

"మరాళ్ళకి సెప్పలేకపోయేరాండీ?"

చెప్పడానికి నెల తిరక్కుండానే అవకాశం వచ్చింది. వెలుగు మిషన్ ప్రత్యేకాధికారి విద్యానాథ్ గారు మా ఆఫీసు తనిఖీకి వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. మే నెల ఎండలో నల్లటి కోటు తొడుక్కుని, మెడలో వెలుగు కొలిచే మీటరు వేసుకుని ఉన్నారు. నడిచేటప్పుడు అది ఆయన బొజ్జ మీద ఊగుతోంది.

"చీకటి అనేది గదిలో ఉండదు భాస్కర్రావ్ గారూ," అన్నారు నా భుజం మీద చెయ్యి వేసి. "అదొక మైండ్‌సెట్. మనం మిషన్ మోడ్‌లో దాన్ని అడ్రస్ చెయ్యాలి."

మొదట బల్ల సొరుగు మూసి, లోపల మీటరు పెట్టి కొలిచారు. సున్నా. సొరుగులన్నీ తీయించేశారు. అల్మైరాలో సున్నా. తలుపులు పీకించారు. ఆ ఊపులో గదుల తలుపులు కూడా పోయాయి. టీ ఫ్లాస్కులో మీటరు తాడు కట్టి దించి చూస్తే అక్కడా సున్నాయే వచ్చింది. ఆ రోజు నుంచి మేం టీ చల్లారాక గిన్నెలోంచి తాగుతున్నాం. తర్వాత నా పెద్ద కర్ర కెమెరా దగ్గర ఆగారు. మా గురువు గారి చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చిన కెమెరా అది.

"ఈ పెట్టెలో చీకటి ఎందుకు పెట్టారు?"

"అది కెమెరా సార్. చీకటి లేకపోతే అది ఉత్త పెట్టె."

"అన్నీ ఇలాగే జస్టిఫై చేస్తారు," అని ఆయన మంగపతి గారి వైపు తిరిగి నవ్వారు. సాయంత్రానికల్లా వడ్రంగి వచ్చి కెమెరాకి రెండు పక్కలా కిటికీలు కోశాడు. గాలి బాగా ఆడుతోంది ఇప్పుడు.

రెండో విడతలో నలుపు రంగు వంతు వచ్చింది. నలుపు వెలుగును మింగుతుందని ఎవరో నిపుణుడు నివేదిక ఇచ్చాడట. గోడలకి సున్నం కొట్టారు. బ్లాక్‌బోర్డుకి తెల్లరంగు వేశారు. తల మీద వేసుకుని కెమెరాలోకి చూసే నా నల్లగుడ్డ జప్తు చేశారు. నూకరత్నమ్మ గారి గొడుగు గేటు దగ్గర ఆపేస్తే ఆవిడ ఎండలో నడిచొచ్చారు. ప్రత్యేకాధికారి కోటు సంగతి ఏమిటని ఎవరో సణిగితే, అది హోదా కిందికి వస్తుంది గానీ రంగు కిందికి రాదని వివరణ వచ్చింది.

ఆ తర్వాత మళ్ళీ తనిఖీకి వచ్చినప్పుడు విద్యానాథ్ గారి చూపు నా కాళ్ళ కింద డబ్బా మీద పడింది.

"లోపల వెలుగెంత?"

"అస్సలు లేదు సార్. అందుకే ప్లేట్లు బతికున్నాయి." దండం పెట్టి కథంతా చెప్పాను. గాలివాన గురించీ, పడవ గురించీ, తండ్రి ముఖం ఎరగని కూతురు ప్రతి సోమవారం బస్సెక్కి రావడం గురించీ చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూసి, ఇక డబ్బా దక్కినట్టే అనుకున్నాను.

"అంటే ఆ పెద్దావిడ తండ్రి అరవై తొమ్మిదేళ్ళుగా చీకట్లో మగ్గిపోతున్నాడన్నమాట!" అన్నారాయన. "ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. మంగపతి గారూ, ఇరవయ్యో తారీఖున పదకొండింటికి మీ సమావేశ మందిరంలో నా ప్రజెంటేషన్ ఉంది కదా. అదయ్యాక పన్నెండింటికి, పత్రికల వాళ్ళ ముందు, ఫ్లడ్ లైట్ల కింద, ఈ డబ్బా నేనే స్వయంగా తెరుస్తాను. లబ్ధిదారురాల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి."

డబ్బాకి లక్క సీలు వేయించి, ఆయన వెళ్ళిపోయారు. నేను ఇక చేసేదేమీ లేదనుకున్నాను. అయితే ఆ ప్రజెంటేషన్ గురించి వచ్చిన ఉత్తర్వులు నాకు టైపు చెయ్యమని ఇచ్చారు. అందులో మూడో పేరాలో ఇలా ఉంది: "తెరపై చిత్రములు స్పష్టముగా కనబడవలసి ఉన్నందున, వెలుగు ఆవశ్యకతను వివరించు సందర్భములలో, వివరించు స్థలమునకు సదరు జీవో నుండి మినహాయింపు ఇవ్వడమైనది."

అది నాలుగుసార్లు చదివాను. వెంటనే వెళ్ళి సమావేశ మందిరం చూసి వచ్చాను. కిటికీలకి రెండేసి వరసల తెరలు. మినహాయింపు పుణ్యమా అని స్విచ్చులు మళ్ళీ బిగించి ఉన్నాయి. వేదిక వెనక, బ్యానర్లు పడేసే చిన్న గది ఉంది. దానికి కిటికీ లేదు, లోపలి లైటు కూడా హాలు స్విచ్చు మీదే ఉంది. తలుపు పీకేశారు గానీ, లోపల వెలుగు మిషన్ వాళ్ళ ఫ్లెక్సీలు గుట్టగా పడి ఉన్నాయి. చాలా మందం సరుకు. మూడు ఒకదాని మీద ఒకటి గుమ్మానికి వేలాడదీస్తే హాల్లో ప్రొజెక్టరు వెలుగు లోపలికి రాదు. పెద్ద లైట్లు వేస్తే మాత్రం పక్క సందుల్లోంచి వచ్చేస్తుంది.

మొత్తం జిల్లాలో చట్టబద్ధంగా మిగిలిన చీకటి అదొక్కటే.

సోమవారం నూకరత్నమ్మ గారిని మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను.

"అమ్మా, ఆయన ఉపన్యాసం చెప్పేటప్పుడు నేను వెనక గదిలో మీ నాన్నగారిని కడుగుతూ ఉంటాను. పనైపోయాక గోడ మీద మూడుసార్లు కొడతాను. ఆ చప్పుడు వినపడేదాకా హాల్లో లైట్లు వెయ్యనివ్వకూడదు."

"నేను ఆపితే ఆగుతారాండీ అంతోరు?"

"ఏదో ఒకటి అడుగుతూ ఉండండి. ఆయనకి చెప్పడమంటే ఇష్టం."

ఇరవయ్యో తారీఖున హాలు నిండిపోయింది. పొద్దున్నే డబ్బాకి మాల వేసి వేదిక మీద పెట్టారు. లక్క సీలు మీద రిబ్బను కట్టాలనే వంకతో పది గంటలకే దాన్ని వెనక గదిలోకి తీసుకుపోయాను. పీకేసిన గది తలుపుల అద్దాలు ప్లేట్ల కొలతకి కోయించి పన్నెండు ముక్కలు సంచిలో తెచ్చుకున్నాను. లైట్లు ఆరగానే సీలు వేడిచేసి ఊడదీశాను. ప్లేట్లని నల్ల కాగితం చుట్టతో సహా తీసి పక్కన పెట్టి, అద్దం ముక్కలు డబ్బాలో పెట్టి, సీలు మళ్ళీ అతికించి, రిబ్బను కట్టి, చీకట్లోనే వేదిక మీద పెట్టి వచ్చాను. అప్పటికి తెర మీద మూడో స్లైడు నడుస్తోంది. "చీకటి: కారణాలు, పర్యవసానాలు, భాగస్వామ్య పక్షాలు."

ఏడో ప్లేటు విడిగా పెట్టుకున్నాను. మూల పెదవికి ఆనించాను. అంటుకుంది. అరవై తొమ్మిదేళ్ళ తర్వాత కూడా అంటుకుంది. వంటింటి పళ్ళెంలో మందు పోసి ప్లేటు దించి, పళ్ళెం మెల్లగా ఊపుతూ ఎక్కం మొదలుపెట్టాను. ఆ కాలపు ప్లేట్లకి ఎరుపు తగిలినా ఏమీ కాదు కాబట్టి సైకిలు వెనక ఉండే ఎర్ర లైటు ఒకటి మూలన పెట్టుకున్నాను. పాత ప్లేటు, తొందరగా తేలదు. ఎనిమిది ఎక్కాలు ఇందులో, ఆరు ఎక్కాలు, తేలిన బొమ్మని వెలుగుకి చెడకుండా నిలబెట్టే మందున్న రెండో పళ్ళెంలో. పద్నాలుగు నిమిషాలు. ఆయన స్లైడులు నలభై ఏడు. ఇంకా బోలెడు టైముందని ధైర్యంగా ఉన్నాను.

ఐదో ఎక్కం సగంలో ఉండగా హాల్లో ఫోను మోగింది. పెద్దవారెవరో ఒంటిగంటకి రమ్మన్నారట. విద్యానాథ్ గారు పదకొండో స్లైడు నుంచి నలభై ఏడుకి దూకేశారు.

"ధన్యవాదాలు. లైట్స్ ప్లీజ్."

నా చేతులు ఆగిపోయాయి. పళ్ళెంలో అప్పుడే ఏదో మసకగా లేస్తోంది. భుజమో, పడవ అంచో.

"ఆగండి బాబూ!" నూకరత్నమ్మ గారి గొంతు. "నాకోటి అర్తం కాలేదండి. సీకటంటే ఏటండీ?"

విద్యానాథ్ గారి పదహారేళ్ళ సర్వీసులో లబ్ధిదారులెవరూ ఆయన్ని ప్రశ్న అడగలేదట. తర్వాత ఆయనే అందరికీ చెప్పుకున్నారు.

"అద్భుతమైన ప్రశ్న! చూశారా, అట్టడుగు స్థాయిలో ఎంత చైతన్యం వచ్చిందో! లైట్లు వెయ్యకండి. మొదటి స్లైడు పెట్టండి."

ఎనిమిదో ఎక్కం పూర్తయింది. ప్లేటు రెండో పళ్ళెంలోకి మార్చాను. మూడో ఎక్కంలో ఉండగా ఆయన మళ్ళీ ధన్యవాదాల దగ్గరికి వచ్చేశారు. ఈసారి కుర్చీలు కదిలిన చప్పుడు కూడా వినపడింది.

"సీకటి తెలిసిందండి," అంది ఆవిడ గొంతు. "మరి ఎలుగంటే ఏటండీ?"

"అమ్మా, దానికి ఇరవై మూడో స్లైడులో..." ఆయన మళ్ళీ స్లైడులు వెనక్కి తిప్పారు.

ఆరో ఎక్కం. పంతొమ్మిది ఇరవైలు మూడు వందల ఎనభై. గోడ మీద మూడుసార్లు కొట్టాను.

"ఇంక సాల్లెండి, తెలిసిపోయింది," అని నూకరత్నమ్మ గారు వాక్యం మధ్యలోనే ఆయన్ని ఆపేశారు.

ఫ్లడ్ లైట్లు వెలిగాయి. చప్పట్ల మధ్య విద్యానాథ్ గారు సీలు పగలగొట్టి డబ్బా తెరిచి, మొదటి గాజు ముక్క పైకెత్తారు. అందులోంచి అవతల మంగపతి గారి ముఖం నిక్షేపంగా కనపడింది.

"ఇందులో ఏమీ లేదేం?"

"వెలుగు తగిలింది కదా సార్," అన్నాను నేను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత ముఖం విప్పారింది.

"అంటే చీకటి మొత్తం పోయిందన్నమాట! ఇదీ, ఇదీ సంపూర్ణ పారదర్శకత అంటే!"

మా కార్యాలయాన్ని జిల్లాలో మొదటి చీకటి రహిత భాండాగారంగా అక్కడికక్కడే ప్రకటించారు. మంగపతి గారికి శాలువా కప్పారు. విద్యానాథ్ గారు ఇదే ప్రజెంటేషన్ నెలకొకటి చొప్పున ఇదే హాల్లో ఇంకా పదకొండుసార్లు ఇస్తారని కూడా ప్రకటించారు. అది విని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. వెనక గదిలో ఫ్లెక్సీల కింద నల్ల కాగితంలో ఇంకా పదకొండు ప్లేట్లు ఉన్నాయి మరి.

జనం ఫొటోల కోసం వేదిక ఎక్కుతుంటే, తడి ప్లేటు నీళ్ళతో కడిగి, గాజు వైపు తుడిచి, అంచులు పట్టుకుని నూకరత్నమ్మ గారి దగ్గరికి తీసుకొచ్చాను. ఆవిడ చేతులు పమిటకి తుడుచుకుని, ముఖం దగ్గరగా పెట్టి చూశారు.

"ఏదండీ? మబ్బు పట్టినట్టు తెల్లగా ఉందండి."

బొమ్మ ఉంది, చాలా పలచగా వచ్చింది. ఇంత పలచటి ప్లేటు వెనక నల్లటిది ఏదన్నా పెట్టి, ముందు నుంచి వెలుగు పడనిస్తేనే మనిషి కనపడతాడు. వెనక తెల్లటి గోడ ఉంటే ఏమీ తెలియదు. హాలంతా వెతికాను. గోడలు తెలుపు, తెరలు కట్టగట్టి పైకి కట్టేశారు, ఫ్లెక్సీలు పసుపు, గొడుగు గేటు దగ్గర ఉంది, ఉన్న ఒక్క నల్ల కాగితం విప్పితే మిగతా పదకొండు ప్లేట్లూ పోతాయి. ఏ మూలా నలుపు లేదు. ఆవిడ నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డారు.

విద్యానాథ్ గారు అటు తిరిగి పత్రికల వాళ్ళకి పోజు ఇస్తున్నారు. ఆయన వీపు మా వైపు ఉంది. విశాలమైన వీపు, నల్లటి కోటు, మీద ఫ్లడ్ లైటు.

వెళ్ళి ప్లేటు ఆయన వీపుకి ఆనించి పట్టుకున్నాను.

"సార్, కదలకండి."

"ఎందుకు?"

"ఫొటో సార్."

అంతే, ఆయన గడ్డం ఎత్తి, ఊపిరి బిగించి, రాయైపోయారు. నూకరత్నమ్మ గారు మెల్లగా వచ్చి వంగారు. ఆయన కోటు మీద, వెన్నెముకకి కొంచెం ఎడంగా, ఒక మనిషి తేలాడు. చొక్కా లేదు, తలకి గుడ్డ చుట్టుకున్నాడు. వెనక కొత్త పడవ చెక్కలు. చంకలో రెండేళ్ళ పిల్ల, గుడ్లప్పగించి ఇటే చూస్తోంది.

ఆవిడ ముందు పిల్లనీ, తర్వాత మనిషినీ చూశారు.

"నా ముక్కేనండి," అన్నారు చివరికి. వేలు గాజు దాకా పోనిచ్చి, ముట్టుకోకుండా ఆపేశారు. "గెడ్డం కూడా నాదేనండి. ఆయ్... కళ్ళు మూసేసుకున్నాడండి బాబూ!"

చూశాను. నిజమే. సింహాద్రి కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"ఎండకి ఎదురుగా నిలబెట్టి ఉంటారమ్మా. వెలుగు బాగా పడాలని అప్పట్లో అలాగే నిలబెట్టేవారు."

"ఎంతెలుగు పెట్టేరో పాపం," అన్నారావిడ. ముక్కు చీదుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వంగారు.

విద్యానాథ్ గారు తల తిప్పకుండా, పెదవులు కదపకుండా అడిగారు. "అయిపోయిందా?"

నూకరత్నమ్మ గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంకాసేపు కదలకు బాబూ. మా నాన్న నీ ఈపు మీదున్నాడు."